వాలులో వదిలేసిన ట్రాలీ

పోయినవారం తబితను పున్నాగ మార్ట్ గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఓనరు బాలకృష్ణ పొద్దున్నే పిలిచి చెప్పిన మాట చెవుల్లో గింగురుమంటోంది. "ఆ జంపక్క వస్తే గేటు దాటనివ్వకమ్మా. ఆమె కుట్టే విస్తర్లు కూడా ఇక మనకొద్దు." ఆ ముక్క చెప్పేసి ఆయన ఏసీ గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. సూపర్‌వైజర్ అన్నాక ఇలాంటి పనులు తబిత నెత్తినే పడతాయి.

సంగతేమిటో కొత్తగా చదివేవారికి కూడా తెలియాలి కదా. పాల్వంచలో మెయిన్ రోడ్డు మీద ఉన్న ఈ సూపర్ మార్కెట్టును కాస్త మెరక మీద కట్టారు. గేటు ముందున్న సిమెంటు జాగా రోడ్డు దాకా వాలుగా దిగుతుంది. శనివారం సాయంత్రం వాన పడుతుండగా, ఎవరో వదిలేసిపోయిన ట్రాలీ ఒకటి ఆ వాలు మీద దొర్లుకుంటూ పోయి, కింద రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే సమ్మయ్యను గుద్దింది. కాలి ఎముక విరిగి సమ్మయ్య దవాఖానాలో పడ్డాడు. కేక విని సెక్యూరిటీ తుల్సీరాం పరుగెత్తేసరికి, సమ్మయ్య పక్కన ట్రాలీ పట్టుకుని కనబడింది జంపక్క. దాంతో నేరం ఆమెదేనని అందరూ తీర్మానించేశారు. కెమెరా చూద్దామంటే బయటి కెమెరా మొన్నటి పిడుగుకు పోయింది. బాగుచేయిద్దామని బాలకృష్ణ ఇంకా అనుకుంటూనే ఉన్నాడు.

జంపక్క మీద అనుమానం అంత తొందరగా పుట్టడానికి పాత కారణం కూడా ఒకటుంది. ములకలపల్లి అవతల అడవి అంచు ఊరు ఆమెది. అడ్డాకులు కోసుకొచ్చి, పుల్లలతో విస్తర్లు కుట్టి, కట్టలు కట్టి తెస్తుంది. కాలనీ వాళ్ళు పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆ విస్తర్లే కావాలంటారు కాబట్టి మార్ట్‌లో వాటికి ఒక అర ఇచ్చారు. మొదటిసారి అక్కడ సామాను కొన్న రోజున, ట్రాలీని కూడా ఇంటిదాకా వాడుకోవడానికే ఇచ్చారనుకుంది జంపక్క. ఆటో అతన్ని బతిమాలి, దాన్ని పైన తాళ్ళతో కట్టించుకుని ఊరికి పట్టుకుపోయింది. ఇక్కడ తుల్సీరాం లబోదిబోమంటూ ఉండగానే, మరుసటి సంతకు ఆ ట్రాలీ తళతళలాడుతూ తిరిగొచ్చింది. చింతపండుతో తోమి, పిడికి పసుపు రాసి, నిండా సీతాఫలాలు పోసుకుని తెచ్చింది. "ఎవరన్న గిన్నె ఇస్తే ఉత్తగ పంపుతమా?" అని ఎదురు అడిగింది. ఆ సీతాఫలాలు స్టాఫంతా తిన్నారు. బాలకృష్ణ ఇంటికీ ఒక సంచి వెళ్ళింది. అయినా ఆయన నోట మాత్రం ఆమె ఆనాటి నుంచి 'ట్రాలీ ఎత్తుకుపోయిన మనిషి'గానే ఉండిపోయింది.

ఇదిగో, మంగళవారం సంత. నెత్తి మీద విస్తర్ల కట్ట, ముక్కుకు బులాకీ, నోట్లో తమలపాకు, జంపక్క రానే వచ్చింది.

"ఆగు అక్కా," అంది తబిత. గొంతు తనకే వినబడనంత చిన్నగా వచ్చింది.

"ఆగిన. చెప్పు బిడ్డా."

"సారు నిన్ను లోపలికి పంపొద్దన్నరు."

"నన్నా?"

"అవ్. శనారం సమ్మయ్యను గుద్దిన బండి నువ్వే వదిలినవంట."

జంపక్క కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో, నలుగురిని పోగేస్తుందేమో అని రాత్రంతా తబిత బెంగపడింది. ఆమె ఇవేమీ చేయలేదు. తమలపాకు ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని, తాపీగా నవ్వింది.

"నేనే వదిలితే, దాని ఎంబడి నేనే ఎందుకు ఉర్కుత బిడ్డా? ఆ పెద్దమనిషి మీదికెల్లి దాన్ని లేపింది నేను. మీ తుల్సీరాం లేపిన చేతులే చూసిండు."

జంపక్క విస్తర్ల కట్టను గేటు పక్క గట్టు మీద దించింది. తిరిగి వెళ్ళిపోతుందేమో అనుకుంటే, వెళ్ళలేదు. కొంగు నడుముకు చెక్కి, జాగాలో చెల్లాచెదురుగా పడి ఉన్న ట్రాలీల వైపు నడిచింది.

ట్రాలీలను వదిలేయడంలో మన జనానికి ఉన్న తెలివి ఇంక దేంట్లోనూ లేదని తబిత ఏనాడో తేల్చేసుకుంది. కారు డిక్కీలో సామాను సర్దుకుని, ట్రాలీని పక్క కారు వెనకకు ఒక్క తోపు తోసి, ఆకాశం వైపు చూస్తూ స్టీరింగు ముందు కూర్చునే పెద్దమనుషులు కొందరు. భర్త పెడతాడని భార్య, భార్య పెట్టిందని భర్త, ఇద్దరూ కలిసి నడి జాగాలో వదిలేసే జంటలు కొన్ని. ముందు చక్రం ఎత్తి పూలకుండీ మట్టిలో దిగ్గొట్టి, అదే గొప్ప మర్యాద అనుకునేవాళ్ళు కొందరు. కంపెనీ క్వార్టర్లలో ఒకావిడ అయితే ట్రాలీని వరండాలో పెట్టుకుని వడియాలు ఎండబెట్టింది. వెళ్ళి అడిగితే, ఎండిన తర్వాత పంపిస్తానంది. 'దయచేసి ట్రాలీలను యథాస్థానంలో ఉంచగలరు' అని బాలకృష్ణ రాయించిన బోర్డుకు ఆనించి కూడా ట్రాలీలు వదిలేసి పోతారు. గేటు పక్కనే వాటికోసం కట్టిన వరస ఉంది. అక్కడిదాకా మెరక ఎక్కాలి. ఆ నాలుగడుగులు ఎక్కడానికే అందరికీ బద్ధకం.

జంపక్కకు ఆ బద్ధకం లేదు. ఒక్కో ట్రాలీని పట్టుకుని మెరక ఎక్కించి, వరసలో ముందున్నదాంట్లోకి ఖణేల్‌మని దూరేదాకా తోస్తోంది. వంకర తిరిగిన చక్రాన్ని కాలి బొటనవేలితో సరిచేస్తోంది. పిడిని కొంగుతో తుడుస్తోంది. గేటు దాటొద్దని చెప్పించుకున్న మనిషి, ఆ గేటు బయట ఎవరిదో పనిని తన ఇంటి పనిలా చేస్తుంటే, తబితకు సిగ్గూ ముచ్చటా కలిపి వచ్చాయి. ఇంత హుందాతనం తను ఎక్కడా చూడలేదనిపించింది.

ప్రతి ట్రాలీ పెట్టాక, విస్తర్ల కట్టలోంచి ఒక విడి అడ్డాకు తీసి పిడి సందులో గుచ్చుతోంది. అది చూసి తబిత ఉలిక్కిపడింది. కొన్ని వారాలుగా ట్రాలీల్లో ఈ ఆకులు కనబడుతూనే ఉన్నాయి. చెత్త అనుకుని తనే ఏరి పారేసింది. ఊడ్చే చిన్నక్కను రెండుసార్లు కసిరింది కూడా.

"అక్కా, ఈ ఆకులు పెడుతున్నది నువ్వేనా?"

"నేనే. పెట్టినప్పుడల్ల ఎవరో తీసి పారేస్తున్నరు. నేను గూడ మొండిదాన్నే, మళ్ళ పెడుతున్న."

పారేస్తున్నది ఎవరో చెప్పడానికి తబితకు నోరు రాలేదు. "ఎందుకు పెడుతున్నవ్?" అని మాత్రం అడిగింది.

జంపక్క ట్రాలీ పిడి మీద మోచేతులు ఆనించి నిలబడింది. "మా ఊర్ల ఊట ఉన్నది. ఎండకాలంల గూడ ఎండది. దాని కాడ ఎండిన సొరకాయ బుర్ర ఒకటి కొమ్మకు ఏలాడుతుంటది. దూప అయినోళ్ళు ఎవరన్న దాంతోటి ముంచుకుని తాగొచ్చు. తాగినంక కడిగి, మూతి కిందికి చేసి మళ్ళ ఏలాడదియ్యాలె. ఎన్కొచ్చేటోళ్ళు ఎవరో మనకు ఎరుక లేదు గదా. వాళ్ళ కోసం."

"మరి ఎవరన్న కింద పడేసి పోతే?"

"పోతరు. మనుషులే గదా. అప్పుడు ఎన్కొచ్చినోళ్ళు బుర్ర కడిగి, ఏలాడదీసి, మూతిల ఒక ఆకు పెడ్తరు. అరుసుడు లేదు, ఎవరు చేసిన్రని అడుగుడు లేదు. పడేసినోళ్ళు మళ్ళ నీళ్ళకు వస్తరు గదా, వచ్చి ఆకు చూస్తరు, తీస్కుంటరు. ఆకు తీసినోళ్ళు ఆ రోజు ముసలోళ్ళ ఇండ్లకు నీళ్ళు మొయ్యాలె. గంతే."

"అది తమ కోసమే పెట్టిన్రని వాళ్ళకెట్ల తెలుస్తది?"

జంపక్క ఆమెను వింతగా చూసింది. "పడేసినోళ్ళకు ఎరుకుండదా బిడ్డా?"

తను చెత్త అని ఏరి పారేసిన ఆకులన్నీ తబిత కళ్ళముందు కదిలాయి. అడవిలో ఒక ఊట పక్కన ఎప్పటినుంచో నడుస్తున్న మర్యాదను ఈ మనిషి ఇక్కడి సిమెంటు జాగాలోకి మోసుకొచ్చి పెడితే, ఎప్పటికప్పుడు చీపురుకు ఎత్తించింది తనే. తర్వాత అసలు ప్రశ్న గుర్తొచ్చింది.

"అక్కా, శనారం ఆ బండి ఎవరు వదిలిన్రో నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఎవరు?"

"చెప్ప."

"చెప్పకపోతే నిన్ను ఇక ఎన్నటికి రానియ్యరు. నీ విస్తర్లు తీస్కోరు. నీ ఇల్లు ఎట్ల గడుస్తది?"

"కష్టమే," అంది జంపక్క దాపరికం లేకుండా. "సంతల ఈ విస్తర్లు ఎవరు కొంటరు? అందరు ప్లాస్టిక్ అంటున్నరు. కష్టమే బిడ్డా. అయిన పేరు చెప్పుడు మాకు లేదు. ఆకు పెడ్త."

కట్టలోంచి ఒక మంచి ఆకు ఎంచి, తడి చేత్తో తుడిచి, తబిత చేతిలో పెట్టింది. "ఇది నీ ఇంటికి తీస్కపో. అన్నం తినే కాడ పెట్టు. తీసేటోళ్ళు తీస్తరు."

తబిత ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త సుకుమార్ శనివారం ఆ వేళకు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. తను కౌంటర్ దగ్గర ఉంది. ఇంక మిగిలింది అత్తమ్మ.

అంతోనమ్మ గురించి పాల్వంచలో తెలియనివాళ్ళు తక్కువ. మిషన్ స్కూల్లో ఆయాగా చేసి రిటైరైంది. ఆదివారం గుడిలో పూజ ముగిసి ఫాదర్ లోపలికి వెళ్ళగానే, పెత్తనం ఆమె చేతిలోకి వస్తుంది. "కూసున్న కుర్చీ ఎవరిది వాళ్ళే మడిచి గోడకు పెట్టాలె. దేవుడు మీ నౌకరు కాదు," అని ద్వారం దగ్గర నిలబడుతుంది. ఇంజనీరైనా సరే, కాంట్రాక్టరైనా సరే, కుర్చీ మడిచి పెట్టి బయటపడాల్సిందే. అలాంటి మనిషి మొన్న ఆదివారం నోరు మెదపలేదు. కుర్చీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అప్పటినుంచీ అన్నం కెలుకుతోందే తప్ప తినడం లేదు. షుగర్ పెరిగిందేమో, దవాఖానాకు తీసుకుపోవాలి అనుకుంటూ ఉంది తబిత. ఇప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళింది. అంతోనమ్మ పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి పెట్టింది. ఇద్దరూ కూర్చున్నారు. తబిత ఆకును కంచాల మధ్య పెట్టింది. ఏ నిందా వేయలేదు, ఏ ప్రశ్నా అడగలేదు. "జంపక్క ఇయ్యాల ఒక ముచ్చట చెప్పింది అత్తమ్మా," అని మొదలుపెట్టి ఊట సంగతి, సొరకాయ బుర్ర సంగతి, ఆకు సంగతి చెప్పుకుపోయింది. ఆమెను లోపలికి రానివ్వొద్దని సారు అన్న మాట కూడా చెప్పింది. అంతోనమ్మ వింటూ అన్నంలో వేలితో గీతలు గీస్తోంది. చెప్పడం అయిపోయాక తబిత చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. కావాలనే కాస్త ఆలస్యం చేసింది.

తిరిగొచ్చేసరికి ఆకు లేదు. అంతోనమ్మ గడప దగ్గర చెప్పులేసుకుంటోంది. ఆకు కొస ఆమె బొడ్లోంచి కనబడుతోంది.

"వాన మొదలైంది," అంది తల ఎత్తకుండా. "కాలనీ బస్సు కదులుతున్నది. చేతుల రెండు సంచులు. బండి పైదాక తీస్కపోతే బస్సు దొరకదు. దింపేసి ఉరికిన. ఆదివారం గుడి కాడ సమ్మయ్య సంగతి చెప్పిన్రు. గప్పుడే చెప్పాల్సింది తబితా. నోరు రాలె. ఊరందరిని కుర్చీలు మడవమని అరిచిన నోరు, ఎట్ల వస్తది? ఆ అడవి మనిషి మీద పడ్డదని ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది. పద."

"సాయంత్రం పోదం అత్తమ్మా. ఇప్పుడు జనం ఉంటరు."

"జనం ఉన్నప్పుడే పోవాలె," అంది అంతోనమ్మ.

తబిత ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ ఎన్నో రకాలుగా విసుక్కుంది. గిన్నె బోర్లించిన తీరుకు వంక, తలుపు గడియకు వంక, పప్పులో ఉప్పుకు వంక. ఆ క్షణాన మాత్రం, మోకాలి నొప్పితో కుంటుతూ ముందు నడుస్తున్న ఆ ముసలావిడ వెనక నడవడం తనకు గర్వంగా ఉంది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఆటోలో ఆమె చెయ్యి పట్టుకుంది.

మార్ట్ దగ్గర దిగేసరికి జంపక్క ఇంకా గట్టు మీదే కూర్చుని ఉంది. జాగాలో ఒక్క ట్రాలీ కూడా చెదిరి లేదు. బాలకృష్ణ భోజనం చేసి అప్పుడే తిరిగొచ్చినట్టున్నాడు. ఎప్పటిలాగే తెల్ల కారును గోడ మూలన నీడలో పెట్టి, గుమ్మం దగ్గర ఎవరో కస్టమరుతో మాట్లాడుతున్నాడు. ఆయనది సత్తుపల్లి వైపు. మాట మెత్తగా ఉంటుంది, మనసు మాత్రం తనదే నెగ్గాలంటుంది. ఒకసారి లెక్క తప్పు మీదే సార్ అన్న పాత సూపర్‌వైజర్ మర్నాటి నుంచి పనిలో కనబడలేదు. ఆ ఖాళీలోనే తబితకు ఈ ఉద్యోగం వచ్చింది.

అంతోనమ్మ నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. బొడ్లోంచి ఆకు తీసి చేత్తో పట్టుకుంది.

"శనారం ఆ బండి వదిలి పోయింది నేను," అంది, గుమ్మంలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. "ఆమె కాదు."

తుల్సీరాం టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బాలకృష్ణ ముందు తెల్లబోయి, వెంటనే మొహం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

"అయ్యో, మీరా అమ్మా! పర్లేదు, పర్లేదులెండి. వానలో తొందరలో ఎవరికైనా అవుతుంది. పెద్దవారు, దీనికోసం ఇంత దూరం రావాలా? తబితతో చెప్పి పంపితే సరిపోయేది కదా. లోపలికి రండి, కూర్చోండి. చల్లగా ఏమన్నా తాగుతారా?"

ఆ మర్యాద చూసి ఇంకొకరైతే హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడేవాళ్ళు. అంతోనమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆగయ్యా. నేను చేస్తే తొందరల అయింది. ఆమె చెయ్యకున్న నేరమైంది. నాకేమో కుర్చీ, ఆమెకేమో గేటు బయట ఎండ. ఇదేం లెక్క?"

"అది కాదమ్మా, ఆమె ఇదివరకు కూడా ట్రాలీని..."

"తీస్కపోయింది. తోమి, పండ్లు నింపి తెచ్చింది. ఆ పండ్లు నువ్వు తినలేదా? నా కోడలు తెస్తే నేను తిన్న. మన కాలనీల ఎంతమంది తీస్కపోయి తెచ్చిన్రు, చెప్పు."

వడియాల ఆవిడ అదృష్టం, ఆ గుంపులో లేదు. ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మాత్రం తమ ట్రాలీలను కాస్త దగ్గరికి లాక్కున్నారు.

బాలకృష్ణ గట్టు వైపు తిరిగి, "సరే, రామ్మా, లోపలికి రా," అన్నాడు. జంపక్క లేవలేదు. పిలవాల్సింది ఆయన కాదన్నట్టు కూర్చుంది. అంతోనమ్మకు అర్థమైంది. తనే గేటు దాకా నడిచి, విస్తర్ల కట్టకు ఒక చెయ్యి వేసింది. ఇంకో చెయ్యి జంపక్క వేసింది. ఇద్దరూ కలిసి దాన్ని మోసుకుంటూ గేటు దాటారు. అడవి అంచు మనిషి, గుడి కుర్చీల మనిషి. ఆ నడక చూస్తూ తబిత కళ్ళు తుడుచుకుంది. చిన్నక్క చీపురు పక్కన పెట్టి ముందుకు పోయి తలుపు తెరిచి పట్టుకుంది.

కట్టను అరలో దించాక అంతోనమ్మ అడిగింది. "మీ ఊర్ల ఆకు తీసినోళ్ళు నీళ్ళు మొయ్యాలంటగా. ఈడ నేనేం మొయ్యాలె?"

"నువ్వే చెప్పు అక్కా," అంది జంపక్క.

అంతోనమ్మ అద్దంలోంచి కింద రోడ్డు వైపు చూసింది. సమ్మయ్య బొగ్గుల కుంపటి టార్పాలిన్ కింద చల్లారి ఉంది. "సమ్మయ్య కాలు కూడేదాక ఆ కుంపటి కాడ నేను కూసుంట. పొత్తులు కాల్చుడు నాకు రాదా ఏంది? వచ్చింది దవాఖానాకు పంపుత."

గుడిలో పెద్దపెద్దవాళ్ళ చేత కుర్చీలు మడిపించిన మనిషి, రోడ్డు పక్కన కుంపటి ముందు కూర్చుని విసనకర్ర విసురుతుందా అని అక్కడున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విసురుతుందని తబితకు తెలుసు. అంతే కాదు, ఉప్పు కారం సరిగా రాయించుకోకుండా వెళ్ళే కస్టమరుకు చీవాట్లు కూడా పడతాయి.

ఇంతటితో అయిపోయిందనుకుని బాలకృష్ణ ఊపిరి పీల్చుకుని బయటికి నడిచాడు. అంతోనమ్మ ఆయన వెనకే గుమ్మం దాటి, గోడ మూల వైపు చూసి ఆగిపోయింది.

"ఒక్క మాట సారూ. బండి వదిలిన, నా తప్పే. అయితే వాలు మీద వదల్లె. అగో, ఆ గోడ మూలకు ఆనిచ్చి, చక్రానికి ఇటుక ముక్క అడ్డం పెట్టి పోయిన. అంత తొందరల గూడ ఇటుక మరువలె. అది వాలు మీదికి ఎట్ల వచ్చింది?"

గోడ మూలలో తెల్ల కారు నిలబడి ఉంది. దాని వెనక చక్రం పక్కన, మురుగు కాలువ అంచున, ఒక ఇటుక ముక్క పడి ఉంది. తబిత ఇటుకను చూసింది, కారును చూసింది, ఆ నీడ మూల నుంచి వాలు మొదలయ్యే చోటును చూసింది. శనివారం సాయంత్రం కారు అక్కడ పట్టాలంటే, మూలన ఆనించి ఉన్న ట్రాలీని పక్కకు తొయ్యక తప్పదు. జంపక్క గుమ్మం దగ్గర తలుపుకు ఆనుకుని, ఇటు చూడకుండా విస్తరి పుల్ల ఒకటి నములుతోంది.

బాలకృష్ణ చిరాగ్గా కారు దగ్గరికి వెళ్ళాడు. ముందు అద్దం మీద, వైపర్ కింద, పచ్చటి అడ్డాకు ఒకటి గుచ్చి ఉంది. దాన్ని లాగి చేతిలో పట్టుకున్నాడు.

"శనివారం ఇంటికెళ్ళేటప్పుడూ ఇలాంటిదే ఉంటే తీసి పారేశాను. ఇవాళ మళ్ళీ పెట్టారు. ఎవరికోసం ఈ ఆకులు? ఏంటమ్మా తబితా ఇది?"

అందరూ తబిత వైపే చూశారు. పాత సూపర్‌వైజర్ గుర్తొచ్చాడు. ఇంట్లో ఈ జీతం మీద నడిచే పనులన్నీ గుర్తొచ్చాయి. తర్వాత, జనం ఉన్నప్పుడే పోవాలె అన్న మాట గుర్తొచ్చింది. అత్తమ్మ పక్కకు వెళ్ళి నిలబడింది.

"అది మీ కోసమే పెట్టిన్రు సార్," అంది.